రోజుకూలి డిటెక్టివు

ఎనభై ఏళ్లనాటి అమెరికన్ డిటెక్టివు చిత్రాలు ఈనాటి విద్యార్థులను ఎందుకు పట్టి కూర్చోబెడుతున్నవి? చీకటి సందులు, వాన, సిగరెట్టు పొగ అంటారు కొందరు. హంగులకు అంత ఆయుష్షు వుండదు. కారణం వస్తువులోనే వెతకాలి.

ఈ చిత్రాలను 1946లో ఫ్రెంచి విమర్శకుడు నినో ఫ్రాంక్ "ఫిల్మ్ నువార్", అనగా నల్ల సినిమా, అన్నాడు. అంతకు ముందటి అపరాధ పరిశోధన కథలో హంతకుడు దొరకగానే లోకం చక్కబడేది. మన కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ కూడా చాలావరకు ఆ కోవలోనివాడే. నల్ల సినిమా ఆ భరోసా ఇవ్వదు. 'మాల్టీజ్ ఫాల్కన్' (1941)లో రత్నాలు పొదిగిన బంగారు డేగ కోసం హత్యలు జరుగుతాయి; తీరా అది సీసపు బొమ్మ. 'డబుల్ ఇండెమ్నిటీ' (1944)లో హంతకుడు బీమా కంపెనీ ఏజెంటే. నేరం వ్యవస్థకు వెలుపల లేదు.

ఇక డిటెక్టివో, చాండ్లర్ నవల 'ది బిగ్ స్లీప్' (1939)లో రోజుకు 25 డాలర్లకూ, ఖర్చులకూ పనిచేసేవాడు. 'మాల్టీజ్ ఫాల్కన్' మూల నవల రాసిన డాషియల్ హామెట్, సమ్మెలు విరగ్గొట్టడానికి యజమానులకు మనుషులను అద్దెకిచ్చిన పింకర్టన్ సంస్థలో డిటెక్టివుగా పనిచేశాడు. అదే హామెట్ 1951లో కోర్టులో సాక్ష్యం చెప్పనని జైలుకు వెళ్లాడు. 'మర్డర్, మై స్వీట్' (1944) నిర్మాత ఏడ్రియన్ స్కాట్, దర్శకుడు డిమిట్రిక్ ఇద్దరూ జైలుపాలైన "హాలీవుడ్ పదిమంది"లోని వారే. డిమిట్రిక్ మాత్రం 1951లో లొంగిపోయి సహచరుల పేర్లు చెప్పాడు. ఆ చిత్రాలలోని అనుమానపు గాలి కల్పితం కాదు.

మా కాగజ్‌నగర్‌లో కాగితపు మిల్లు 2014లో మూతపడి, 2018లో కొత్త యాజమాన్యం కింద తెరుచుకుంది. ఆ నాలుగేళ్లు జీతం లేని ఇళ్లలో పెరిగిన పిల్లలకు, "దోషి ఎవరు?" అన్న ప్రశ్నకు ఒక్క దుర్మార్గుడి పేరు సమాధానం కాదని నేను బోధించనక్కరలేదు. నల్ల సినిమా వారికి తెలిసిన మాటే చెబుతున్నది.

అయితే ఈ చిత్రాల లోపాన్ని కూడా మనం చూడాలి. పాపమంతా తరచు ఒక మాయలాడిపై మోపుతాయి. డిటెక్టివు నిజం తెలుసుకుంటాడు గాని దాన్ని పదిమంది మధ్యకు తీసుకుపోడు. ఒంటరిగా గదికి పోయి తాగుతాడు. తెలుగులో 'చంటబ్బాయ్' (1986) డిటెక్టివును హాస్యానికి వాడుకుంది. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) నెల్లూరు డిటెక్టివును భక్తి మాటున సాగే మోసం దాకా నడిపించింది. మంచిదే. కాని మిల్లు గేటు ముందు నిలబడి, లెక్కల పుస్తకం చూపమని అడిగే పదిమందిని డిటెక్టివుగా చేసుకున్న చిత్రం మనకింకా రావలసే వుంది.