జర్మను తుపాకి – అసలు యజమాని ఎవరు?

శతాబ్ది సంచికలో తుపాకిని గూర్చిన వ్యాసమేమిటని చదువరులు ఆశ్చర్యపడవచ్చు. పాత ఇంటిలో నగిషీ చెక్కిన జర్మను తుపాకి బయటపడితే “ఇది మిషనరీ దొరగారిదే” అనుకోవడం మన ప్రాంతంలో సహజం. ఆ మాట నిజమో కాదో తేల్చుకొనకుండా చరిత్రలో వ్రాయరాదు. అది గతించిన ఒక దైవసేవకుని పేరుకు సంబంధించిన విషయం.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఉత్తర జర్మనీలోని బ్రెక్లం గ్రామంలో పాస్టరు క్రిస్టియన్ యెన్సెన్‌గారు 1876లో మిషను స్థాపించారు. ఆ మిషను పంపగా ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోత్మన్ అను ఇరువురు 1882లో ఇండియాకు వచ్చి, నాటి విశాఖపట్నం జిల్లాలో చేరియున్న జయపురం సంస్థానంలో సేవకు పూనుకొన్నారు. కోరాపుట్, సాలూరు వారి కేంద్రాలయ్యాయి. 1914లో యుద్ధం రాగానే జర్మను మిషనరీలు శత్రుదేశస్థులయ్యారు. ప్రభుత్వం వారిని నిర్బంధించి, తరువాత స్వదేశానికి పంపివేసింది. మందలు కాపరులు లేక మిగిలాయి.

అయినను, తుపాకి జర్మనీలో తయారైనంత మాత్రాన యజమాని జర్మను కానక్కరలేదు. జర్మను తుపాకులు పరదేశాలకు విరివిగా ఎగుమతి అయ్యేవి. ఇక్కడ ఇంగ్లీషు అధికారులు, జమీందారులు, వేటగాండ్రు కూడా వాటిని కొనేవారు. జింకలు, ఓక్ ఆకుల నగిషీ పనివాని నేర్పును చూపుతుంది గాని యజమానిని చూపదు. కొయ్యభాగంలో పొదిగిన చిన్న వెండి బిళ్లపై పొడి అక్షరాలున్నాయా, గొట్టంపై అమ్మిన దుకాణం పేరున్నదా అన్నది చూడవలెను.

తరువాత గొట్టం అడుగున చూడవలెను. జర్మనీలో 1891 నాటి చట్టం 1893లో అమలులోనికి వచ్చి, ప్రతి గొట్టాన్ని పరీక్షించి ముద్ర వేయడం విధిగా చేసింది. కిరీటం, దానిక్రింద అక్షరం ఆనాటి గుర్తు. కొన్నిటిపై పరీక్ష జరిగిన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. అక్కడ 1926 అని ఉంటే, యుద్ధకాలంలో వెళ్లిపోయిన దొరగారికి అది చెందినదని చెప్పడం పొరపాటే.

అన్నిటికంటె గట్టి సాక్షి వరుస సంఖ్య. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోనుండి 50 మౌజరు పిస్తోళ్లను, 46,000 తూటాలను విప్లవకారులు తరలించుకొనిపోయారు. పిస్తోళ్ల సంఖ్యలు కంపెనీ లెక్కలలో ఉన్నందున, తరువాత పట్టుబడినవి ఎక్కడివో పోలీసులు గుర్తించగలిగారు. ఇనుముపై ఉన్న సంఖ్య కాగితంపై ఉన్న పేరును కలిసినప్పుడే యజమాని తెలుస్తాడు.

ఆ కాగితాలు మనకు ఎక్కడ దొరుకుతాయి? 1878 ఆయుధాల చట్టం క్రింద ఇచ్చిన లైసెన్సుల కాగితాలలో మొదట వెదకవలెను. తరువాత సంఘపు బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లను తెరచి, వెండి బిళ్లపై అక్షరాలను ఆనాటి పాదిరుల సంతకాలతో పోల్చవలెను. పేరు కలిసినను అది సూచన మాత్రమే, రుజువు కాదు. సంఖ్య, సంవత్సరం, పేరు మూడూ ఏకీభవిస్తే నిశ్చయంగా వ్రాయవచ్చును. ఏకీభవించకపోతే “యజమాని తెలియదు” అని వ్రాయడమే న్యాయం.

ఒక హెచ్చరిక. పాత తుపాకిలో మందు మిగిలి ఉండవచ్చును. దానిని పిల్లలకు అందనీయక, గుఱ్ఱం లాగి చూడక, ముందుగా పోలీసు స్టేషనుకు తెలియజేయవలెను. తాతగారి వస్తువైనను లైసెన్సు విషయం అక్కడనే తేలవలెను.

అబద్ధ సాక్ష్యం పలుకరాదన్న ఆజ్ఞ బ్రతికియున్నవారి విషయంలోనే కాదు, గతించినవారి విషయంలోను మనకు వర్తిస్తుంది. నూరేండ్ల చరిత్రను తలంచుకొనే ఈ సమయంలో, చెదలు పట్టుచున్న మన రిజిస్టర్లను భద్రపరచుకొందము. పోల్, బోత్మన్‌గార్ల వంటి వారి గౌరవం ఒక తుపాకిపై ఆధారపడలేదు. వారు పెంచిన సంఘాలే వారికి సాక్ష్యము.