పడవ ఫ్యానుకు చుట్టుకున్న వల – మన కె.సి. కాలువ కథ



పోయిన చలికాలంలో ఒక రైతు ఇంటి పెండ్లికని నందికొట్కూరు వైపు నుంచి కృష్ణ దాటి అవతలి గట్టుకు పడవలో పోవలసి వచ్చింది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మన ముచ్చుమర్రి, నెహ్రూనగర్ ప్రాంతాన ఏరు ఎట్లా పరచుకొని ఉంటుందో చూసినవారికి చెప్పనక్కర లేదు. నడి ఏటికి పోయేసరికి ఇంజను శబ్దం మారింది. గొట్టం నుంచి నల్లటి పొగ తన్నుకొచ్చింది. ఇంజను మూలుగుతున్నది గాని పడవ ముందుకు పోదు. మాలో ఒక కుర్రవాడు, "ఫ్యానుకేదో చుట్టుకొనింది, నేను పీకుతా" అని వెనక్కు ఉరికి నీళ్లలో చెయ్యి పెట్టబోయినాడు. పడవ నడిపే పెద్దాయన గట్టిగా కేక వేసి వాని రెక్క పట్టుకున్నాడు. "ఆగు నాయనా! ఇది చూడు ముందు" అని తన ఎడమ చెయ్యి చూపించినాడు. రెండు వేళ్లు లేవు.

ఆ తర్వాత ఆయన చేసిన పని వరుసగా చెబుతాను. పడవలతో పని లేని రైతుకు కూడా ఇది అక్కరకు వస్తుంది. మొదట ఇంజను పూర్తిగా ఆపినాడు. హ్యాండిలు తీసి తన కాళ్ల కింద పెట్టుకున్నాడు, మధ్యలో ఎవరూ తెలియక తిప్పకుండా. తాడుకు కట్టిన బండరాయి నీళ్లలోకి వదిలినాడు. గాలికి పడవ కొట్టుకుపోతే పని సాగదు. "అందరూ ముందుకు జరగండి, ఎవరూ లేయాకండి" అన్నాడు. బరువు ముందుకు పోయేసరికి పడవ వెనుక భాగం జానెడు పైకి తేలింది. అప్పుడు బోర్ల పడుకొని, కర్రకు కట్టిన కొడవలితో ఫ్యానుకు చుట్టుకున్నదాన్ని కోయసాగినాడు. అది ఎవరో వదిలేసిన నైలాను వల. దాని మీద బారెడు నాచు. నాచు కొడవలికి తెగింది. వల మాత్రం ఇరుసు రాపిడి వేడికి కరిగి ముద్ద కట్టింది, రంపపు బ్లేడుతో కోస్తేగాని రాలేదు. దాదాపు ముప్పావు గంట పట్టింది. కోసిన ముక్క ఒక్కటి కూడా ఏట్లో వేయలేదు, అన్నీ పడవలోకి లాగినాడు. ఇరుసు పడవ నుంచి బయటికి పోయే చోట నీళ్లు ఊరుతున్నవేమో వేలితో తడిమి చూసి, తర్వాతనే హ్యాండిలు చేతికి తీసుకున్నాడు.

ట్రాక్టరు రోటవేటరుకు గడ్డి గాని, పాత చీర పీలిక గాని చుట్టుకుంటే మనం ఏం చేస్తున్నాము? ఇంజను తిరుగుతుండగానే కట్టెతో పొడిచేవారు ఎందరో ఉన్నారు. ఆ పెద్దాయన వేళ్లు అటువంటి తొందరలోనే పోయినవట.

గట్టు చేరినాక ఒక రైతు అడిగినాడు: "సార్, మా తాత కాలంలో కె.సి. కాలువలో పడవలు నడిచేవి అంటారు. నిజమేనా? నడిస్తే ఎందుకు నిలిచిపోయినాయి?" ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి ప్రసంగం.

నిజమే. కర్నూలు–కడప కాలువను మొదట తలపెట్టింది సేద్యానికి ఎంతో పడవలకూ అంతే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరకు నీటి దారి మీద గట్టి నమ్మకం ఉండేది. రైలు కంటె పడవ చవక, పడవ నడిచే నీళ్లే పొలమూ తడుపుతవి అని ఆయన వాదన. ఆ ఆలోచన మీదనే 1858లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఇంగ్లాండులో ఏర్పడింది. పది లక్షల పౌనుల మూలధనానికి నూటికి 5 వంతున వడ్డీ వచ్చేటట్లు ప్రభుత్వం పూచీ పడింది. ఆ రోజులలో ఇంగ్లాండు నూలు మిల్లులవారి కన్ను మన దేశపు పత్తి మీద ఉండినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి నిలిచిపోగానే ఆ ఆత్రం ఇంకా పెరిగింది. తుంగభద్ర నుంచి పెన్నకు, అక్కడి నుంచి సముద్రం దాకా పడవలు పోవాలని కంపెనీ కల.

కలలో కొంత మాత్రమే చేతికి వచ్చింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1863లో కాలువ పని పట్టి, 1870 నాటికి కడప దాకా తెచ్చినారు. సుమారు 190 మైళ్లు, అంటే నేటి లెక్కలో 306 కిలోమీటర్లు. కర్నూలు దగ్గర హంద్రీ నది మీదుగా కాలువను దాటించినారు. మన నందికొట్కూరు సీమ దాటి మిట్టకందాల దగ్గర మిట్టను తొలిచి, కృష్ణ పారుదల నుంచి పెన్న పారుదలలోకి, కుందూ లోయలోకి దించినారు. యంత్రాలు లేని కాలం. పలుగు, పార, తట్ట, మందుగుండు, మనిషి నడుము – వీటితోనే ఆ రాతిని తొలిచినారని తలచుకుంటే ఆ కోత పక్కన ఊరికే నడచిపోవడానికి నాకు మనసొప్పదు.

గోదావరి డెల్టా చదునైన నేల. అక్కడ కాలువ ఇట్టే సాగింది. మన నేల వాలు. నీళ్లు వాలుకు పరుగెత్తితే పడవ ఎదురెక్కదు. అందుకని మెట్టు మెట్టుకు లాకులు కట్టి, ఒక్కొక్క మెట్టులో నీటిని నెమ్మదిగా నడిపించినారు. ఆ మాట పేరులోనే మిగిలిపోయిన చోటు ఒకటి ఉంది. కాలువ మీద లాకిన్‌సుల అని ఇప్పటికీ అంటున్నాము గదా.

చిక్కంతా ఆ నెమ్మదిలోనే ఉంది. పడవకు లోతు కావాలి, నీరు నిలకడగా ఉండాలి. పొలానికి పారుదల కావాలి. నీరు నెమ్మదించిన చోట ఒండ్రు కూర్చుంటుంది. వానలు వెనుకబట్టి తేట నీరు వచ్చినప్పుడు ఎండ అడుగుదాకా దిగుతుంది; ఒండ్రులో నాచు, తుంగ, జమ్ము వేరు తన్నుతవి. అవి నీటిని ఇంకా ఆపుతవి. ఇంకా ఒండ్రు పడుతుంది. ఇట్లా ఒకదానికొకటి తోడై కాలువ గొంతు పట్టుకుంటవి. గుర్రపు డెక్క అయితే కంపెనీ నాటికి మన దేశంలోనే లేదు. అది దక్షిణ అమెరికా మొక్క. పూవు అందానికి మోసపోయి పందొమ్మిదవ శతాబ్దం చివర తెచ్చుకున్నాము.

ఇంకొక దెబ్బ రైలు కొట్టింది. కాలువ తయారైన దగ్గరనే, 1871 నాటికి, మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం కలిసిపోయింది. పైగా తుంగభద్ర ఎండాకాలంలో ఎండుతుంది. వెనుక నిల్వ చేసిన జలాశయం అప్పట్లో లేదు. ఏడాదిలో కొన్ని నెలలే నడిచే దారిని నమ్మి ఏ వర్తకుడు సరుకు వేస్తాడు? నల్లరేగడి రైతులు కూడా కాలువ నీళ్లను త్వరగా పుచ్చుకోలేదు. జొన్న, పత్తి వానకే పండే నేలకు నీటి తీరువ కట్టడమెందుకని వారి లెక్క. 1876–78 కరువు మన జిల్లాను ఊడ్చిపెట్టినప్పుడు గాని కాలువ విలువ చాలామందికి తెలిసిరాలేదు. కంపెనీ మాత్రం కోలుకోలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసింది. పడవలు మరి యాభై ఏండ్లు ఎట్లాగో నడిచి 1933లో నిలిచిపోయినవి. అప్పటి నుంచి అది సేద్యపు కాలువ మాత్రమే.

ఆ కాలపు కాలువ పడవలకు మన దేశంలో ఎక్కువగా తాడే ఇంజను. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని లాగేవారు. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు. ఫ్యాను తిప్పే పడవ మట్టి కాలువకు అంత మేలు చేయదు. దాని వెనుక లేచే అలలు గట్లను కోస్తవి.

ఫ్యాను అంటే గుర్తుకు వచ్చింది, దానిని నిలబెట్టినవారిలో ఒకడు రైతే. ఇంగ్లాండులో గొర్రెలు మేపుకునే ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఆసామి తన పొలం దగ్గరి చెరువులో బొమ్మ పడవతో పరీక్షలు చేసి, 1836లో పేటెంటు పుచ్చుకున్నాడు. తర్వాత చిన్న ఆవిరి పడవకు మరలాగ రెండు చుట్లున్న కొయ్య ఫ్యాను బిగించి లండనులోని పాడింగ్టన్ కాలువలో దించినాడు. 1837లో అది దేనికో తగిలి సగం విరిగిపోయింది. అందరూ పడవ నిలిచిపోతుందనుకుంటే ముందుకంటె వేగంగా పరుగెత్తింది! పొట్టి రెక్కలే మేలని అట్లా తెలిసివచ్చింది. 1845లో అక్కడి నౌకాదళం ఫ్యాను ఉన్న రాట్లర్‌ను, పక్క చక్రాలు ఉన్న అలెక్టోను వెనుకకు వెనుక కట్టి లాగుడు పందెం పెట్టింది. మన ఊళ్లలో ఎద్దుల బండలాగుడు చూసినవారికి ఆ సంబరం తెలుసు. రాట్లరే అలెక్టోను ఈడ్చుకుపోయింది. నేటికీ ఇంగ్లాండు కాలువ పడవలలో ఫ్యానుకు సరిగ్గా పైన లోపలి నుంచే మూత తీసే గూడు ఒకటి ఉంటుంది, నాచు తీయడానికే. మూత సరిగా బిగించకుండా ఇంజను వేస్తే పడవలోకి నీళ్లు చిమ్ముతవి. మన పెద్దాయనకు ఆ గూడు లేదు. కర్రకు కట్టిన కొడవలే ఆయన గూడు.

పడవలు పోయినా నాచు పోలేదు. 1953లో తుంగభద్ర డ్యాము తయారైంది, కె.సి. కాలువకు అందులో 10 టి.ఎం.సి.లు, నది పారుదలలో 29.9, మొత్తం 39.9 టి.ఎం.సి.లని 1976 నాటి బచావత్ తీర్పు లెక్క. 1990లలో జపాను అప్పుతో కాలువను బాగు చేయడానికి పూనుకున్నారు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా కింది భాగానికి అందుతున్నవి. ముచ్చుమర్రి ఎత్తిపోతల కూడా వచ్చింది. ఇంత కూర్చినా పిల్లకాలువలో జమ్ము నిలిచి ఉంటే చివరి ఆయకట్టు రైతు ఎదురుచూపులు తప్పవు. పై రైతు తూము ముందర పాచి కొంచెమే. కింద ఉన్నవాని మడిలో నారు ఎండుతుంది.

1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలవారు, మన విస్తరణ ఉద్యోగులు వేసవిలోనే ఒకమారు కాలువ వెంట నడవాలి. నీళ్లు లేనప్పుడు అడుగు బాగా ఎండనిస్తే మునిగి పెరిగే నాచు చాలావరకు చస్తుంది. జమ్మును పూత పూయకముందే కోయాలి. నీరు ఉంటే నీటి మట్టానికి కింద కోయాలి. కోసిన కాడలోకి నీరు దిగి మొదలు కుళ్లుతుంది. పైన పైన కోస్తే మళ్లీ పది రోజులకు లేస్తుంది. గుర్రపు డెక్కను గట్టుకు లాగి ఎండబెట్టి కంపోస్టు గుంతలో వేయండి. తిరిగి నీళ్లలోకి నెట్టితే అది కింది ఊరికి పంపినట్టే. కలుపు మందు కొడదామంటారు కొందరు. 2,4-డి వంటి మందు చుక్క గాలికి తేలినా, నీటిలో కలిసి వచ్చినా పత్తి ఆకు ముడుచుకుపోతుంది. మన పక్కన ఉన్నవి పత్తి చేలే గదా, ఆ పని పెట్టుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ పెద్దాయన పడవే దొరికింది. కోసిన వల ముద్ద వెనుక మూలన అట్లాగే ఉంది. ఎందుకు దాచినావని అడిగితే, "గట్టున కాల్చేస్తా సార్, ఏట్లో ఏస్తే రేపు మల్లా నా ఫ్యానుకే కదా వచ్చేది" అన్నాడు.