ట్రంకుపెట్టెలో ఆగిపోయిన నవల



మీలో ఎంతమంది ట్రంకుపెట్టెల్లో, పట్టుచీరల అడుగున, సగం రాసి వదిలేసిన నోటుబుక్కు ఉందో నాకు తెలియదు. నా పెట్టెలో మాత్రం ఉంది. ఎనిమిది ప్రకరణాలు చకచకా రాశాను. తొమ్మిదో ప్రకరణంలో నా కథలో పిల్ల అత్తవారింటి నుంచి వచ్చి పుట్టింటి గడప ముందు నిలబడింది. ఏడాదిన్నరగా అక్కడే నిలబడి ఉంది పాపం! ఇంటి పనితో తీరడం లేదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు. తరువాత ఏమైందని అడిగే మనిషి లేక ఆగింది.

కథకు అడిగేవాళ్ళుంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మన పల్నాడు దాటి పోనక్కరలేదు. పల్నాటి వీరుల కథను శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. దాన్ని 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు పరిష్కరించి అచ్చువేయించారు. అందులో మనకు ముఖ్యంగా దక్కింది బాలచంద్రుడి యుద్ధఘట్టమే. అంటే పుస్తకం అసంపూర్ణం. మరి కథో? కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో జరిగే తిరునాళ్ళకు వెళ్ళి చూడండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో ఘట్టం. వీరవిద్యావంతులు పాడుతుంటే చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని ఆడవాళ్ళు కూచుంటారు. కోడి ఓడుతుందని అందరికీ తెలుసు. అయినా ఊపిరి బిగబట్టి వింటారు. ఏటేటా వచ్చి కూచునేవాళ్ళుండబట్టే కథ నోట నిలిచింది.

ఇక నవలల మాట. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు డబ్లిన్ వెళ్ళి బారిస్టరీ చదివి వచ్చినవారు. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టమని ఎదురు తిరిగారు. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు సర్కారుకు కట్టే పన్ను పుల్లరి. ఆ ఉద్యమం మూలంగానే పంతులుగారు మొదటిసారి జైలుకు వెళ్ళారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలి అయ్యాడు. ఆ ఏడాదే రాయవేలూరు జైలులో పంతులుగారు ‘మాలపల్లి’ నవల రాశారు.

జైల్లో బోలెడు తీరిక, అందుకే రాయగలిగారని కొందరంటారు. నేనొప్పుకోను. ఆ రోజుల్లో జైలుకు వెళ్ళినవారు వేలమంది, అందరూ నవలలు రాశారా? ఆ పుస్తకంలో రామదాసు కుటుంబం, సంగదాసు, తక్కెళ్ళ జగ్గడు మాట్లాడే మాటలు చూడండి. పొలంగట్టున కూలిజనం ఆడుకునే మాటలవి. ఎవరికి చెబుతున్నామో ఆ ముఖాలు ఎదురుగా ఉంటే తప్ప అలాంటి మాట కలంలోంచి రాదు. గది తలుపు మూసి ఉండవచ్చు గాని, ఆయన చుట్టూ జనం ఉన్నారని నా నమ్మకం.

తరువాత ఆ పుస్తకం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. బెల్లంకొండ రాఘవరావుగారు అచ్చువేశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. శాసనసభలో దాన్ని గురించి చర్చ జరిగింది. కొన్ని మార్పులతో 1928లో అనుమతి వచ్చింది. 1935లో మళ్ళీ అచ్చయి, ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెట్టుకుంటే 1936లో మళ్ళీ నిషేధం! 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గాని సంకెల తెగలేదు. పదిహేనేళ్ళు ఒక నవలను వదలకుండా పట్టుకున్నది రాసినాయన ఒక్కడే కాదు, చదివినవాళ్ళు కూడా.

అడిగే మనిషి ఇంట్లోనే దొరికిన అదృష్టవంతులూ ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ నోటితో చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాస్తూ పోయారు. అంత లావు పుస్తకమూ 29 రోజుల్లో ముగిసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీ గడువు ఒక పక్క తరుముతూండటం నిజమే. కాని ఎదుట ఒక మనిషి కలం పట్టుకుని తరువాతి మాట కోసం కూచుంటే ఎలా ఆపుతారు? ఆ పోటీలోనే బహుమతి పంచుకున్న అడివి బాపిరాజుగారు 1952లో పోయారు. అప్పటికి ఆయన ‘మధురవాణి’ నవల సగంలో ఉంది. దిట్టకవి సుబ్రహ్మణ్యశాస్త్రిగారు పూనుకుని దాన్ని పూర్తిచేశారు.

నా నోటుబుక్కు మొదట బాగా చదువుకున్న బంధువొకరికి చూపించాను. ఎర్రసిరాతో ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది ఇచ్చారు. కథ ఎలా ఉందో ఒక్క మాట అనలేదు. అప్పుడే పెట్టెలో పడేశాను.

మొన్న వేసంగిలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ మా వదినకు ఊరికే ఆ ఎనిమిది ప్రకరణాలూ చదివి వినిపించాను. ఆమెకు అక్షరం రాదు. చేతులు మండుతున్నా పని ఆపలేదు, ఊ కొట్టడమూ ఆపలేదు. గడప దగ్గరికి వచ్చి నేను ఆగితే, “ఇంతకీ ఆ పిల్లను లోపలికి రమ్మన్నారా, లేదా?” అంది.

“నాకూ తెలియదు వదినా” అన్నాను.

“నువ్వు రాస్తూ నీకు తెలియకపోతే ఎట్లాగే? రేపు ఈ బస్తా అయ్యేలోపల తెలుసుకుని చెప్పు.”

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నోటుబుక్కు తీశాను. తండ్రి బయటికి రాలేదు, తల్లి వచ్చి చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చింది. అంతవరకే రాశాను. ఇంకా రెండు బస్తాల మిరపకాయలున్నాయి.