బండిచక్రం మీద ఇరవై నాలుగు కొవ్వొత్తులు

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు మన చర్చిల్లో వెలిగే కొవ్వొత్తుల వలయం రోములో పుట్టింది కాదు, బేత్లెహేములో పుట్టింది అంతకన్నా కాదు. అది 1839లో హాంబర్గ్ నగరం పక్కన హార్న్ అనే ఊళ్లో, దిక్కులేని పిల్లల ఆశ్రమంలో పుట్టింది.

ఆ ఆశ్రమం పేరు రౌహెస్ హౌస్. దాన్ని నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్ లూథరన్ బోధకుడు. పదిహేనేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు కాబట్టి ఇంటి బరువు నెత్తిన పడింది. దైవశాస్త్రం చదివి వచ్చాక హాంబర్గ్‌లోని సెంట్ గెయోర్గ్ పేటలో సండే స్కూల్లో పాఠాలు చెప్పాడు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి చూశాక, వారానికి ఒకరోజు పాఠంతో వాళ్ల బతుకు మారదని అర్థమైంది. 1833లో, పాతికేళ్ల వయసులో, ఆశ్రమం తెరిచాడు. పిల్లలను జైలులో పెట్టినట్టు ఒకే గదిలో కుక్కలేదు. కొద్దిమందిని ఒక కుటుంబంగా చేసి, ఒక్కో కుటుంబానికి అన్నలాంటి పెద్దదిక్కును పెట్టాడు. చేతిపనులు నేర్పించాడు.

డిసెంబరు వస్తే ఆ పిల్లలు క్రిస్మస్ ఇంకెన్నాళ్లని రోజూ అడిగేవారట. విఖెర్న్ ఒక పాత బండిచక్రం తెచ్చి, దాని చుట్టూ ఇరవై చిన్న ఎర్ర కొవ్వొత్తులు, నాలుగు పెద్ద తెల్లవి అమర్చాడని చెబుతారు. మామూలు రోజుకు ఎర్రది, ఆదివారానికి తెల్లది. క్రిస్మస్‌కు ముందు ఈ నాలుగు ఆదివారాల కాలాన్నే ఆగమన కాలం అంటారు. ఆ ఏడాది అది సరిగ్గా డిసెంబరు 1న, ఆదివారం నాడే మొదలైంది. అందుకే 24 కొవ్వొత్తులు. మొదటి ఆదివారం ఏ తేదీన పడుతుందన్న దాన్ని బట్టి ఈ కాలం 22 రోజుల నుంచి 28 రోజుల దాకా ఉంటుంది. తర్వాతి కాలంలో చక్రం చిన్నదై, పచ్చటి కొమ్మల వలయంగా మారి, నాలుగు కొవ్వొత్తులతో ఇళ్లలోకి వచ్చింది. 20వ శతాబ్దంలో జర్మనీలోని కతోలిక దేవాలయాలు కూడా దాన్ని స్వీకరించాయి.

చక్రం కొత్తదే కానీ, ఎదురుచూపు చాలా పాతది. 380లో స్పెయిన్‌లోని సరగోసాలో కూడిన బిషప్పుల సభ, డిసెంబరు 17 నుంచి జనవరి 6 దాకా ఎవరూ దేవాలయానికి రాకుండా ఉండకూడదని ఆజ్ఞాపించింది. ఇంట్లో దాక్కోవద్దు, పొలాల దగ్గర ఉన్న ఇళ్లకు పోవద్దు, కొండల్లోకి వెళ్లిపోవద్దు అని విడివిడిగా చెప్పింది. భక్తి పేరుతో ఒంటరిగా పోయే వాళ్లను సంఘంలోకి పిలవడమే దాని ఉద్దేశమని నాకు అనిపిస్తుంది.

ఉపవాసం సంగతి ఫ్రాన్సులోని తూర్ పట్టణం చెబుతుంది. అయిదో శతాబ్దంలో అక్కడి బిషప్పు పెర్పెతువుస్, నవంబరు 11న వచ్చే మార్టిన్ పండుగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం పెట్టించాడని ఆ తర్వాతి శతాబ్దపు చరిత్రకారుడు గ్రెగొరీ రాశాడు. 580ల తొలినాళ్లలో మాకోన్ సభ సోమ, బుధ, శుక్రవారాలని రోజులు ఖాయం చేసింది. జనం దీన్ని ‘మార్టిన్ గారి నలభై రోజులు’ అన్నారు. ఈ మార్టిన్ ఎవరు? సైనికుడిగా ఉండగా, చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చినవాడిగా క్రైస్తవ లోకానికి గుర్తు. అలాంటి మనిషి పండుగ రోజున మొదలయ్యే ఉపవాసం పొట్ట మాడ్చుకోవడానికి మాత్రమే కాదు. మిగిలిన ముద్ద పక్కవాడికి చేరాలి. మార్టిన్ అంగీకీ విఖెర్న్ చక్రానికీ మధ్య సుమారు పదిహేను వందల ఏళ్ల దూరం ఉన్నా, రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

రోములో ఈ కాలం నాలుగు ఆదివారాలకు కుదిరింది. మిలాన్‌లో నేటికీ ఆరు. తూర్పు సంఘాల్లో చాలావి నలభై రోజులు ఉపవాసం ఉంటాయి. కేరళ సిరియన్ క్రైస్తవులు డిసెంబరు నెలలో ఇరవై అయిదు రోజుల నోము పాటిస్తారు. పాశ్చాత్య ఆరాధనలో మొదటి ఆదివారం సువార్త పశువుల తొట్టి గురించి కాదు, మెలకువగా ఉండమన్న హెచ్చరిక. తర్వాతి రెండు ఆదివారాలు బాప్తిస్మమిచ్చు యోహానువి. మరియమ్మ, యోసేపులు నాలుగో ఆదివారానికి గానీ రారు. బలిపీఠం మీద ఊదా గుడ్డ, పూజలో మహిమ గీతం ఉండదు. పన్నెండో శతాబ్దపు సన్యాసి బెర్నార్డు క్రీస్తు రాకడలు మూడని బోధించాడు: నాడు శరీరంతో, చివర్లో మహిమతో, ఈ రెంటి మధ్య మనిషి లోపలికి. మూడోది ఎవరికీ కనిపించదు. సిద్ధపాటు అంతా దాని కోసమే.

తెలుగు నేలలో కతోలికులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. సంఘాలు ఆగమన కాలాన్ని పాటిస్తాయి. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చాలావాటికి ఈ క్యాలెండరు లేదు. కానీ డిసెంబరు మొదలవగానే సెమీ క్రిస్మస్‌లు, స్టేజీలు, కేకులు మాత్రం అందరికీ వచ్చేశాయి. ఊరంతా కలిసి ఆనందించడం మంచిదే. అయితే ఇరవై రోజుల ముందే పండుగ అయిపోతే, యోహాను పిలుపు వినే తీరిక ఎవరికి ఉంటుంది?

సంఘ పెద్దలకు, పాస్టర్లకు, ఫాదర్లకు ఒక విన్నపం. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం ఈ కాలం మొదలవుతుంది. ఆ రోజు మొదటి కొవ్వొత్తిని పిల్లల చేత వెలిగించండి, యెషయా గ్రంథం వాళ్ల చేతే చదివించండి. కేకు కోయడం నాలుగో ఆదివారం దాటేదాకా ఆపండి. వారానికి ఒక పూట మానేసిన భోజనం ఖర్చును పక్కన పెట్టి, మీ ఊరి హాస్టల్లో సెలవులకు ఇంటికి వెళ్లే దారి లేని పిల్లలకు క్రిస్మస్ బట్టలు కొనివ్వండి.