ఇంటిబెంగ: ఉద్దానం విద్యార్థులు

చదువు కోసం ఇల్లు విడిచిన విద్యార్థికి అమ్మానాన్నల మీద, ఊరి మీద మనసు లాగి తిండి, నిద్ర, చదువు దెబ్బతినే స్థితిని ఇంటిబెంగ అంటారు. ఇది పిరికితనం కాదు. శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం తీరం నుంచి హాస్టళ్లకు వెళ్లే పిల్లల్లో ఈ బెంగకు ఇంటివాళ్లకు ఏమవుతుందోనన్న దిగులు కూడా తోడవుతుంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఇల్లు విడిచే వయసు

వెన్నెలవలస జవహర్ నవోదయ విద్యాలయంలో సీటు వస్తే ఆరో తరగతికే హాస్టల్ జీవితం మొదలవుతుంది. తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు పంపుతారు. పదో తరగతి తర్వాత ఆరేళ్ల ట్రిపుల్ ఐటీ చదువు ఉంది: నూజివీడు క్యాంపస్‌కు 2008లో, ఎచ్చెర్ల దగ్గరి శ్రీకాకుళం క్యాంపస్‌కు 2016లో శ్రీకారం చుట్టారు. ఇంటర్, ఇంజనీరింగ్ కోసం విశాఖ, విజయవాడ, హైదరాబాద్ వెళ్లేవారూ ఎక్కువే. పలాస హౌరా–చెన్నై ప్రధాన మార్గంలోనే ఉన్నా, సంక్రాంతికి రైళ్లు కిక్కిరిసిపోతాయి. ఇంటికి రావాలనుకున్నప్పుడల్లా రావడం కుదరదు.

లక్షణాలు

సాయంత్రాలు, ఆదివారాలు బెంగ ముదురుతుంది. చిన్నపిల్లలు బెంగ అని చెప్పరు. కడుపునొప్పి, తలనొప్పి అంటారు. అన్నం సయించదు, ఫోనెత్తగానే ఏడుపొస్తుంది. వైద్యులు దీన్ని గుర్తించి చాలాకాలమైంది. 1688లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహానెస్ హోఫర్ వివరించిన రోగుల్లో ఒకరు బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. ఇంటికి పంపించాక అతను కోలుకున్నాడు.

ఉద్దానంలో ప్రత్యేక కారణాలు

కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పెరిగిన పిల్లలకు నాలుగు గోడల క్యాంపస్ ఊపిరాడనివ్వదు. ‘ఏమిటి’ని తమ యాసలో ‘ఏటి’ అన్నందుకు తోటివారు నవ్వితే నోరు మూతపడుతుంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు కొన్ని ఇళ్లలో ఒడియా మాట్లాడతారు. ఆ పిల్లలకు హాస్టల్ తెలుగు మరింత కొత్త.

వీటికన్నా బరువైనది ఇంటి దిగులు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి అనేక కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి ప్రారంభమైంది. తుఫానుల భయమూ ఉంది: 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి తోటలను నేలకూల్చింది. కరెంటు, ఫోన్లు దెబ్బతిన్నాయి. అలాంటి వేళ దూరాన ఉన్న బిడ్డకు ఇంటి కబురు అందకపోవడమే పెద్ద శిక్ష. ఇంట్లో ఒకరికి డయాలసిస్ జరుగుతున్న సంగతి దాచిపెడితే, పిల్లలు జరిగినదానికన్నా ఘోరంగా ఊహించుకుంటారు. వయసుకు తగినట్టు నిజం చెప్పడమే మేలు.

తట్టుకునే మార్గాలు

అమెరికాలో ఈ విషయంపై పనిచేసిన క్రిస్టఫర్ థర్బర్, ఎడ్వర్డ్ వాల్టన్ 2007లో వైద్యులకు, తల్లిదండ్రులకు ఇచ్చిన సూచనలు ఇక్కడా పనికొస్తాయి.

- ఎక్కడ చదవాలన్న నిర్ణయంలో బిడ్డ మాటకు చోటుండాలి. బలవంతంగా వెళ్లినవారికి బెంగ ఎక్కువ.
- చేర్చేముందు అమ్మమ్మ ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో కొన్ని రోజులు అమ్మానాన్నలు లేకుండా ఉంచి అలవాటు చేయాలి.
- ‘నచ్చకపోతే వెంటనే తీసుకొచ్చేస్తాం’ అని ముందే మాటివ్వకూడదు. ఆ మాట పట్టుకున్న బిడ్డ కొత్తచోట కుదురుకోలేడు.
- మళ్లీ ఇంటికొచ్చే తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి.
- ఆటల్లో చేరాలి, కొత్త స్నేహాలు కలుపుకోవాలి. సొంత యాసలో మాట్లాడుకునే తోడు దొరికితే సగం బరువు తగ్గుతుంది.

సహాయం

చాలామందిలో బెంగ కొన్ని వారాల్లో తగ్గుతుంది. తిండి మానేసినా, చనిపోవాలన్న మాట నోట వచ్చినా ఆలస్యం చేయకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో, 100 లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కౌన్సెలర్ ఎవరో చేర్చేరోజునే తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి. అన్నీ చేసినా కుదుటపడని బిడ్డను టెక్కలిలోనో, శ్రీకాకుళంలోనో ఇంటికి దగ్గరి కాలేజీకి మార్చడం ఓటమి కాదు. ఏ సీటూ బిడ్డ ప్రాణంకన్నా విలువైనది కాదు.