నార్త్ లండన్ కొలీజియట్ స్కూల్: చదువు తీరు

ఆడపిల్లలకు మగపిల్లలతో సమానమైన చదువు చెప్పాలన్న పట్టుదలతో ఇంగ్లండులో వెలసిన తొలి బడుల్లో నార్త్ లండన్ కొలీజియట్ స్కూల్ ఒకటి. ఫ్రాన్సెస్ మేరీ బస్ 1850 ఏప్రిల్ 4న లండన్‌లోని కామ్డెన్ వీధిలో ఒక ఇంట్లో 35 మంది పిల్లలతో దీన్ని తెరిచింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. నేడు ఇది ఫీజుల మీద నడిచే స్వతంత్ర బాలికల పాఠశాల. నాలుగేళ్ల పిల్లలు మొదలుకొని పద్దెనిమిదేళ్ల వాళ్ల దాకా ఇక్కడ చదువుతారు.

ఆ కాలపు మధ్యతరగతి ఇళ్లలో ఆడపిల్ల చదువంటే కాస్త ఫ్రెంచి, కాస్త పియానో, కుట్టుపని. బస్ వాటిని తీసెయ్యలేదు. వాటి సరసన లెక్కలు, లాటిన్, చరిత్ర, సైన్సు పాఠాలు పెట్టింది. చిత్రకారుడైన తండ్రి రాబర్ట్ విలియం బస్ డ్రాయింగుతో పాటు సైన్సు కూడా చెప్పేవాడు. పాఠాలు ముఖ్యంగా పొద్దుటి పూటే జరిగేవి. మతబోధన తరగతికి పిల్లను పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. ఆ రోజుల్లో ఇది సాహసమే.

ఈ బడి చదువు తీరును మలుపు తిప్పింది మాత్రం ఒక ఓటమి. మగపిల్లలకే పరిమితమైన కేంబ్రిడ్జి స్థానిక పరీక్షలను మహిళా విద్య కోసం పోరాడిన ఎమిలీ డేవిస్ కృషి వల్ల 1863లో ఆడపిల్లలకూ ప్రయోగాత్మకంగా పెట్టారు. రాసిన 83 మందిలో 25 మంది బస్ విద్యార్థినులే. సీనియర్ స్థాయిలో కూర్చున్న 40 మందిలో 34 మంది లెక్కల్లో తప్పారు. లోపం పిల్లల తెలివిలో లేదు. సూత్రం బట్టీపట్టించడమే తప్ప అది ఎందుకు పనిచేస్తుందో చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన పంతులమ్మలకే ఎవరూ నేర్పలేదు. బస్ ఫలితాలను దాచలేదు, పరీక్షను తిట్టలేదు. లెక్కలు చెప్పే పద్ధతినే మార్చింది. రెండేళ్లలో ఆడపిల్లలకు ఆ పరీక్షలు శాశ్వతంగా తెరుచుకున్నాయి. 1865లో బస్, ఇంగ్లండు పాఠశాలల తీరును విచారించిన టాంటన్ కమిషన్ ముందు సాక్ష్యం కూడా చెప్పింది.

పాఠం బాగుండాలంటే ముందు టీచరు తయారు కావాలన్నది ఆమె నమ్మకం. 1885లో కేంబ్రిడ్జిలో మహిళా ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల ఏర్పడటంలో ఆమె చెయ్యి ఉంది. 1875లో లెక్కల టీచరుగా చేరిన సోఫీ బ్రయంట్ 1884లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పొందింది. ఇంగ్లండులో ఆ పట్టా అందుకున్న తొలి మహిళ ఆమే. అంతటి విదుషి రోజూ నల్లబల్ల ముందు నిలబడి లెక్క చేసి చూపిస్తుంటే, లెక్కలు ఆడవాళ్లకు రావన్న మాటకు తరగతిలో చోటెక్కడ? బస్ మరణానంతరం బ్రయంట్ 1895 నుంచి 1918 దాకా హెడ్‌మిస్ట్రెస్‌గా ఉంది. శిలాజ వృక్షాలపై పరిశోధన చేసిన మేరీ స్టోప్స్ ఈ బడిలోనే చదివింది.

బడి తర్వాత ఎడ్జ్‌వేర్‌లోని కానన్స్ భవనానికి మారింది. నేడు పై తరగతుల్లో ఏ-లెవెల్ గానీ ఇంటర్నేషనల్ బాకలారియట్ గానీ ఎంచుకోవచ్చు. దక్షిణ కొరియా, దుబాయ్, సింగపూర్‌లలో ఇదే పేరుతో బడులు నడుస్తున్నాయి.

ఎక్కువ ఫీజు కట్టలేని ఇళ్ల ఆడపిల్లల కోసం బస్ 1871లో కామ్డెన్ స్కూల్ అనే రెండో బడి పెట్టింది. అది ఇప్పుడు ప్రభుత్వ నిధులతో నడుస్తోంది. అక్కడ చదువుకు ఫీజు లేదు.