బందరు అంచు, అమెరికా దుకాణం

వలస కాలపు అమెరికా దుకాణాల్లో రిబ్బన్లు, లేసులతో పాటు మన తీరపు అద్దకపు గుడ్డలూ అమ్మేవారు. వాటికి దారి వేసింది ఇంగ్లండు చట్టమే. 1700లో పార్లమెంటు భారతదేశపు అద్దకాలను స్వదేశంలో వాడరాదంది గాని, తిరిగి ఎగుమతి చేయడానికి అడ్డు చెప్పలేదు. లండన్ గోదాముల్లోని సరుకు వలసలకు తరలింది. అక్కడి ఇల్లాళ్లు ఆ గుడ్డల్లోంచి పువ్వులు కత్తిరించి తమ దుప్పట్లపై కుట్టుకున్నారు. ఆ అలంకారంలో కృష్ణా డెల్టాకు పెద్ద వాటా ఉందని నా వాదన.

కోరమాండల్ గుడ్డంతా బందరుదేనా, పులికాట్, మద్రాసుల మాటేమిటి అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే, ఓడల్లో అన్ని రేవుల సరుకూ కలిసే వెళ్లేది. కానీ ఎరుపు సంగతి చూడాలి. ఆ ఎరుపునిచ్చే నిజాంపట్నం పరిసరాల చిరివేరుకు 17వ శతాబ్దంలోనే పేరుంది. 1611లో ఇంగ్లీషువారు అక్కడా, బందరులోనూ దిగింది గుడ్డల కోసమే. కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై పటిక నీళ్లతో కలం నడిపి చిరివేరుతో మరిగిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టేది. ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. ఆనాటి ఐరోపా అద్దకాలు చాలావరకు వెలిసిపోయేవి. దూరదేశపు ఇల్లాలు డబ్బు పెట్టింది ఈ నిలకడకే. బందరు దగ్గరి పెడనలో ఆ అద్దకం నేటికీ బతికే ఉంది, కలానికి బదులు చెక్క అచ్చులతో.